కాగితం ముక్కకి ఇంతా!

"కాస్త కాగితం, కాస్త జిగురు, కాస్త రంగు... అంతేగా! దానికి 120 డాలర్లా?"

ఈ మాట అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మండదూ మరి? ఆ లెక్కన పట్టుచీర అంటే నాలుగు పురుగుల గూళ్ళు. వీణ అంటే ఒక పనసదుంగా, ఏడు తీగలూను. "అంతేగా" అన్న మూడక్షరాలతో లోకంలో ఏ పనినైనా నిక్షేపంగా చెత్తబుట్టలో పారెయ్యొచ్చు.

సంగతేమిటంటే, అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్ పండగ. దానికి ముందు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో శని, ఆదివారాలు వచ్చాయంటే చాలు, చాలా ఊళ్ళలో చేతిపనివాళ్ళ ప్రదర్శనలు పెడతారు. పదడుగుల పొడుగూ, పదడుగుల వెడల్పూ ఉన్న గుడారం, దాని కింద బల్ల, బల్ల మీద మన సరుకు. మా ఒహాయోలో అలాంటి ప్రదర్శనలో నేనూ ఒక బల్ల వేస్తాను. గుమ్మడికాయ తలల మనుషులు, చీపురెక్కిన మంత్రగత్తెలు, నల్లపిల్లులు, గుడ్లగూబలు, పళ్ళికిలించే చందమామలు... అన్నీ కాగితపు గుజ్జుతో చేసినవే.

మనవాళ్ళు వచ్చినప్పుడు మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న, "దయ్యాల బొమ్మలు ఇంట్లో పెట్టుకోవడమేమిటండీ, అశుభం కాదూ?" అని. బావుంది! మన గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టేది ఎవరు? కట్టే ఇంటికి కోరమీసాల రాక్షసుడి మొహం వేలాడదీసేది ఎవరు? చెడుని భయపెట్టడానికి అంతకన్నా భయంకరమైన మొహం పెట్టాలన్న ఆలోచన మనకెంత పాతదో, ఐర్లండు, స్కాట్లండు పల్లెలవాళ్ళకీ అంత పాతదే. వాళ్ళు టర్నిప్ దుంపలు దొలిచి, కళ్ళూ పళ్ళూ పెట్టి, లోపల దీపం వెలిగించేవారు. ఐర్లండ్ నేషనల్ మ్యూజియంలో అలాంటి దుంప మొహానికి పోతపోసిన నమూనా ఒకటి ఉంది. చూస్తే పెద్దవాళ్ళకే గుండె ఝల్లుమంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో పొట్ట చేతపట్టుకుని అమెరికా వచ్చినవాళ్ళకి ఇక్కడ దుంప కన్నా సులువుగా దొలవడానికి గుమ్మడికాయ దొరికింది. అదండీ కథ. కాబట్టి శుభాశుభాల గొడవ పక్కన పెడదాం. నా పోట్లాట ధర దగ్గర.

అసలు కాగితపు గుజ్జు మనకి కొత్తా? పాతకాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, ఆ గుజ్జు బిందె మీద అద్ది, ఎండబెట్టి తట్టలు చేసిన అమ్మమ్మలు మన ఇళ్ళలో లేరూ? వెదురుచాటల సందులు పూడ్చేందుకు దాన్నే పూసేవారు. వాళ్ళనడగండి, అది కాస్త కాగితమో, ఎన్ని మధ్యాహ్నాల రెక్కల కష్టమో!

అడుగు ఎత్తున్న గుమ్మడితల బొమ్మ ఒకటి ఎలా తయారవుతుందో చెబుతాను, వినండి. ముందు తీగతోనూ, నలిపిన కాగితంతోనూ ఒళ్ళు కట్టాలి. దాని మీద జిగురులో ముంచిన కాగితపు ముక్కలు పొర మీద పొర, అయిదారు పొరలు. ఒక్కో పొరా పూర్తిగా ఆరితేగాని రెండోది వెయ్యకూడదు. తొందరపడితే లోపల బూజు పడుతుంది. తర్వాత గుజ్జుతో ముక్కూ, బుగ్గలూ తీర్చాలి. గరుకు కాగితంతో రుద్దాలి. తెల్లపూత రెండుసార్లు, రంగులు, ఆపైన పాతకాలపు వస్తువులా కనబడ్డానికి గోధుమరంగు పూసి తుడిచెయ్యడం, చివరికి మెరుపుపూత. ఆరడానికి పట్టే రోజులు వదిలేస్తే, చెయ్యి ఆడే గంటలే 14. అక్టోబరు పండక్కి ఫిబ్రవరిలో మొదలెట్టాలి. మన కొండపల్లిలో పొనికి చెక్క మీద చింతగింజల పిండీ, రంపపుపొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్ళూ అతికించేవాళ్ళకి ఈ ఓపిక సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక డబ్బు లెక్క. ఆడవాళ్ళం, పప్పుదినుసుల దగ్గర పైసలతో సహా లెక్క చూసేవాళ్ళం, ఇదీ చూద్దాం. ఒక ఏడు రెండు రోజుల ప్రదర్శనలో 11 బొమ్మలు అమ్మాను, ఒక్కోటి 120 చొప్పున. వచ్చింది 1,320 డాలర్లు. అబ్బో అనకండి. గుడారం చోటుకి అద్దె 300. మన పని ఫొటోలు పంపి, ఒప్పుకుంటారో లేదోనని ఎదురుచూడ్డానికి కట్టిన దరఖాస్తు రుసుము 35. సామాన్లు 110. పెట్రోలూ, ఒక రాత్రి బసా 235. మొత్తం ఖర్చు 680 పోగా మిగిలింది 640. బొమ్మలకి పట్టిన గంటలు 154, బల్ల దగ్గర నిలబడ్డవి 20, వెరసి 174. భాగించండి. గంటకి 3 డాలర్ల 68 సెంట్లు. ఇక్కడి కేంద్ర ప్రభుత్వం 2009లో ఖాయం చేసిన కనీస కూలి గంటకి 7 డాలర్ల 25 సెంట్లు. అందులో సగం చిల్లరన్నమాట! అమ్ముడుపోక అట్టపెట్టెల్లో ఇంటికి తిరిగొచ్చిన వాటి గంటలు నేనింకా కలపనేలేదు. నవంబరు ఒకటో తారీకున వాటి మొహం చూసేవాడుండడు.

ఈ లెక్క చెబితే రెండో బాణం వస్తుంది. "మీకు సరదా కదండీ! ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుంటారు, డబ్బుకోసమా ఏమన్నానా?" ఇది మొదటిదానికన్నా విషం. సంగీతం మాస్టారు పాట మీద ప్రేమ లేకుండానే పాఠం చెబుతున్నారా? మరి నెల కాగానే జీతం ఎందుకిస్తాం? సరదాగా చేసినదానికి కూలి అక్కర్లేదన్న ధర్మం ఆడదాని చేతిపని దగ్గర మాత్రమే గుర్తొస్తుంది లోకానికి. నా పక్కబల్ల ఆయన కర్రగిన్నెలు చెక్కి తెస్తాడు. ఆయన్ని "మీ ఆవిడ వంట చేసి పెడుతుంది కాబట్టి మీకు తీరిక" అని ఒక్కరు అనగా నేను వినలేదు. ధర అడుగుతారు, నచ్చితే కొంటారు, లేకపోతే పోతారు. నా దగ్గరికొచ్చేసరికి "20 డాలర్లకి ఇచ్చెయ్యండి, తెలుగువాళ్ళం కదా" అంటారు. తెలుగువాళ్ళం కాబట్టే కష్టం తెలిసి పూర్తి ధర ఇస్తారనుకోవడం అత్యాశా?

మూడో రకంవాళ్ళు నోరెత్తరు. నాలుగువైపుల నుంచీ ఫొటోలు తీసుకుని వెళతారు. అలా వెళ్ళిన నమూనాలు ఫ్యాక్టరీ అచ్చుల్లోంచి వందలకొద్దీ దిగి రావని ఏమిటి నమ్మకం? ఇంకా విడ్డూరం, ఒక ప్రదర్శనలో నిర్వాహకులు చోటుకి అద్దె వస్తే చాలుననుకుని, పెట్టెలు విప్పి ఫ్యాక్టరీ సరుకు పేర్చేవాళ్ళని కూడా చేతిపనివాళ్ళ వరసలో కూచోబెట్టారు. పక్కపక్కన 120 డాలర్ల పిల్లి, 15 డాలర్ల పిల్లి. చూసేవాళ్ళకి ఎవరు దొంగలా కనిపిస్తారు? నేనే!

ఇలాంటి అన్యాయం పాతదే. ఇవాళ పాత సరుకు పోగుచేసేవాళ్ళు వందల డాలర్లు పోసి కొనే గుమ్మడితల మిఠాయిడబ్బాలు వందేళ్ళ కిందట జర్మనీ నుంచి ఓడల్లో వచ్చాయి. అక్కడి తురింగియా ప్రాంతంలో బొమ్మల పని చాలావరకు ఇళ్ళలోనే జరిగేది. పిల్లలతో సహా కుటుంబమంతా గుజ్జు అచ్చుల్లో అదిమి, రంగులు వేసి, అతి తక్కువ కూలికి వ్యాపారులకి అప్పజెప్పేవారు. ఆ డబ్బాల అడుగున "జర్మనీ" అన్న ముద్ర కనిపిస్తుంది. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని అమెరికా 1890లో చట్టం చేసింది మరి! దేశం పేరుకి చట్టం వచ్చింది గాని, రంగువేసిన తల్లి పేరెవరికీ అక్కర్లేకపోయింది. ఆవిడకి ముట్టాల్సిన డబ్బు వందేళ్ళ తర్వాత ఇంకెవరికో ముడుతోంది.

మనవైపు చూడండి. ఏటికొప్పాక లక్కబొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులతో ఆ పనికి మళ్ళీ ఊపిరి పోసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషం. కాని పద్మశ్రీ వార్త చదివి చప్పట్లు కొట్టిన చేతులే, బొమ్మల దుకాణం ముందు నిలబడి "చెక్కముక్కకి ఇంతా" అని సగానికి బేరమాడితే, ఆ చప్పట్లు పొయ్యిలోకా పొంతలోకా?

నేను అందరినీ కొనమనడం లేదు. డబ్బు లేకపోతే కొనకండి, తప్పేముంది? చూసి పోండి, పిల్లల్ని తీసుకురండి, చూడ్డానికి టిక్కెట్టు లేదు. ప్లాస్టిక్ గుమ్మడికాయతో పండగ చేసుకున్నా పాపమేం రాదు. "నాకు అంత ఇవ్వగల శక్తి లేదు" అనడంలో మర్యాద ఉంది. "దీనికి అంత విలువ లేదు" అనడంలోనే ఉంది అవమానం. ఆ రెండు మాటలకీ తేడా తెలియనంత అమాయకులు కారు మన ఆడవాళ్ళు. మీరు చేసిన వంటని "పప్పూ, ఉప్పూ, అంతేగా" అని భర్త అన్ననాడు మీకెలా ఉంటుందో ఒక్కసారి తలుచుకుంటే చాలు.

కనక ఈసారి కొండపల్లిలోనైనా, ఒహాయోలోనైనా చేతిపని బల్ల ముందు నిలబడ్డప్పుడు "ఎంతకిస్తావు" అని మొదలెట్టకండి. "ఎన్నాళ్ళు పట్టింది" అని అడగండి. బొమ్మని తిరగేసి, చేసినవాళ్ళ పేరుందేమో చూడండి. ఆ తర్వాత కొనడమా మానడమా మీ ఇష్టం. వట్టి కాగితమే కావాలంటే నా దగ్గర పాతపేపర్లు కట్టలున్నాయి, ఊరికే తీసుకెళ్ళండి. చేతుల ఖరీదు మాత్రం బొమ్మ కింద రాసిందే. అందులో ఒక్క సెంటు కూడా తగ్గదు.