రాణి రంగుకి గట్టు కట్టండి

పట్టు స్కార్ఫుల మీద చేత్తో రంగులు వేసే అక్కచెల్లెళ్లు చాలామంది లేత గులాబీ, లేత నీలం, గంధం రంగు దాటి ముందుకి రారు. పట్టు ఖరీదైనది మరి! ఒక్క చుక్క ఎక్కువ పడితే చెరపడానికి లేదు. లేత రంగైతే కాస్త పాకినా కళ్లకి కొట్టదు. ఈ వారం మాత్రం గుండె చిక్కబట్టుకుని రాణి రంగు పట్టుకుందాం.

ఈ రంగు మన బీరువాల్లో కొత్తదేం కాదు. పసుపు చీరకి రాణి రంగు అంచు, రాణి రంగు చీరకి చిలకపచ్చ అంచు ఏ పెళ్లిలో చూసినా కనిపిస్తాయి. ఫ్రాన్సులో దీన్ని రసాయనాలతో తయారుచేసి పేటెంటు తీసుకున్నది 1859లో. ఆ ఏడాదే ఇటలీలో మజెంటా అనే ఊరి దగ్గర యుద్ధం జరిగింది. ఆ ఊరి పేరే రంగుకి స్థిరపడింది. 1937లో పారిస్‌లో ఎల్సా స్కియాపరెల్లి అనే దుస్తుల డిజైనరు 'షాకింగ్' అనే సెంటు తెచ్చి, దాని పెట్టెకి ఇలాంటి కొట్టొచ్చే గులాబీ రంగే వాడింది. షాకింగ్ పింక్ అనే మాట అలా వచ్చిందే. మనకైతే అందులో షాకయ్యేదేముంది చెప్పండి?

మరి చీర మీద అంత చక్కగా కుదిరే జోడీ స్కార్ఫు మీద ఎందుకు చెడుతుంది? నేతలో ఏ దారం రంగు దానిదే. కుంచెతో వేసేటప్పుడు రెండు రంగులూ తడిగా ఉండి ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. రాణి రంగు పచ్చతో కలిస్తే బురద రంగే. పసుపుతో కలిస్తే ఎరుపు, నీలంతో కలిస్తే వంగపండు రంగు. అందుకే మధ్యలో ఒక గీత అడ్డు ఉండాలి. ఆ గీత గీసే జిగురుని గట్టా అంటారు. మనం గట్టు అనుకున్నా తప్పులేదు, పొలానికి గట్టు చేసే పనే ఇది చేస్తుంది. గీతలో ఎక్కడా సందు ఉండకూడదు. సూది మొనంత సందు చాలు, రంగు దాటేస్తుంది.

నాకు ఈ రంగుతో పని పడింది మా ఆడపడుచు వల్ల. ఆవిడ టీచరు. మా అన్నయ్యగారు పోయి ఎనిమిదేళ్లయింది. అప్పటినుంచీ బూడిద రంగు, గంధం రంగు తప్ప కట్టలేదు. మొన్న చలికాలంలో, "బస్సులో తలకి చుట్టుకోను ఒక స్కార్ఫు వేసివ్వు వదినా, రాణి రంగుది" అంది. మా అత్తగారు విని, "నలుగురూ ఏమనుకుంటారే?" అన్నారు. నేను మాట్లాడలేదు. మూడు పట్టు ముక్కల మీద మూడు చిక్కదనాల్లో రంగు వేసి ఆడపడుచు ముందు పెట్టాను. అన్నిటికన్నా చిక్కటిదాన్నే చూపించింది. అదే వేశాను, చుట్టూ బూడిద రంగు అంచుతో. బూడిద పక్కన రాణి రంగు ఇంకా వెలిగింది. మా అత్తగారు ఇప్పటికీ దాని గురించి ఒక్క మాట అనలేదు. కానీ ఉతికి ఎండలో ఆరేస్తే, రంగు వెలిసిపోతుందని తీసి నీడలో వేసింది ఆవిడే.

ఇక చేసే పద్ధతి. పల్చటి చైనా సిల్కుని ముందు కాస్త షాంపూ వేసిన నీళ్లలో జాడించి ఆరబెట్టండి. గంజి పోతేనే రంగు సమంగా పాకుతుంది. ఇస్త్రీతో నిలిచే సిల్క్ పెయింట్ తీసుకోండి. మూడు చిన్న ముక్కలు కత్తిరించి, ఒకదానికి ఒక చుక్క రంగుకి పది చుక్కల నీళ్లు, రెండోదానికి అయిదు, మూడోదానికి సగానికి సగం కలిపి వేసి చూడండి. ఇంకు ఫిల్లరుతో కొలిస్తే లెక్క తప్పదు. తడిమీద రంగు ముదురుగా కనిపిస్తుంది కాబట్టి ఆరాకే తేల్చుకోవాలి. పగటి వెలుగులో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూడండి.

తర్వాత స్కార్ఫుని చెక్క ఫ్రేముకి పిన్నులతో బిగించి, గట్టా గీసి, అది పూర్తిగా ఆరాక రంగు వేయండి. తెల్లగా ఉండాల్సిన చోట రంగు తగలనివ్వకండి, పైన తెల్లరంగు వేసి కప్పడం ఇందులో కుదరదు. తడిమీదే నాలుగు ఉప్పు రాళ్లు చల్లితే రంగుని పీల్చి నక్షత్రాల్లా మచ్చలొస్తాయి. ఆరాక దులిపేయండి. ఒక రోజు ఆగి, తిరగేసి, పైన నూలుగుడ్డ పరిచి, సీసా మీద రాసినంతసేపు ఇస్త్రీ చేయండి. మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్లలో.

ఒకేసారి పెద్ద స్కార్ఫుకి దిగకుండా ముందు రుమాలంత ముక్క మీద వేయండి. 'ఈ వయసులో ఈ రంగేమిటి' అని ఎవరైనా అంటే, వేసుకునే మనిషిని అద్దం ముందు నిలబెట్టి ఆవిడనే అడగండి. వచ్చేవారం మిగిలిన పట్టు ముక్కలతో చిన్న పర్సు కుట్టుకుందాం. పారేయకండేం!