గడువు దాటిన ఎత్తు

చదరంగం పిచ్చి పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. నాకు అది ముదిరి, ఎదుటివాడి మొహం కనపడని ఆటలోకి దిగింది. బల్లా, బలగమూ అంతా సెల్‌ఫోనులోనే. నేనొక ఎత్తు వేసి పడుకుంటే, ఏ దేశంలోనో వున్న ఆసామీ తీరిక చూసుకుని తన ఎత్తు వేస్తాడు. ఎత్తుకు మూడు రోజుల గడువు.

"బంటును కదపటానికి మూడు రోజులు ఆలోచిస్తారు గాని, కూరల కొట్లో మూడు నిమిషాలు ఆలోచిస్తే ఈ ముదురు బెండకాయలు యింటికి వచ్చేవా?" అంటుంది మా ఆవిడ.

ఇదేమీ కొత్త సరదా కాదు. 1824లో లండన్, ఎడిన్‌బరో క్లబ్బులు ఉత్తరాల మీద చదరంగం మొదలుపెట్టి 1828 దాకా ఆడాయి. ఎడిన్‌బరో వాళ్ళే గెలిచారు. తరువాత కార్డుల మీద జరిగిన అంతర్జాతీయ పోటీలలో పది ఎత్తులకు ముప్పయి రోజులన్నది మామూలు లెక్క. కార్డు దారిలో వున్న రోజులు అందులోకి రావు. పోస్టాఫీసు ముద్రే సాక్షి. ఆలస్యమైతే తపాలా వాళ్ళను తిట్టుకోవచ్చు. ఇప్పుడా భాగ్యం కూడా లేదు.

పోయిన నెల ఒక పందెంలో నా గుర్రం ఊరికే పోయింది. ఎదుటాయన బంటు మరి రెండు గళ్ళు నడిస్తే మంత్రి అయి కూర్చుంటుంది. నేను ఓటమికి సిద్ధమై వున్నాను. సరిగ్గా అప్పుడు ఆయన మాయమయ్యాడు. మూడు రోజులూ గడిచాయి. గడువు దాటింది, గెలుపు కావాలంటే నొక్కమని ఫోనులో ఒక మీట వెలిసింది. నొక్కితే గెలుపు నాది. నొక్కకపోతే ఆట అలాగే ఆగి వుంటుంది.

దాచటమెందుకు, వేలు ముందు మీట మీదకే వెళ్ళింది. అంతలో పోయినేడు సంగతి గుర్తుకొచ్చింది. మా అమ్మ ఆసుపత్రిలో వున్న వారం, గెలిచే ఆటను నేను మరిచిపోయాను. గడువు దాటిన గంటలో ఎవరో మహానుభావుడు మీట నొక్కేశాడు. పెద్దమనిషి తరహా కాదని పది రోజులు సణిగాను. ఇప్పుడు నేనూ అదే పని చేయటమా? "కులాసాగా వున్నారా?" అని ఆయనకు రెండు ముక్కలు రాసి పంపాను. రెండు రోజులు చూశాను. జవాబు లేదు.

పక్కింటి ప్లీడరు గారితో చెప్పాను.

"గడువు ఒప్పుకునే ఆడారా?"

"ఆడాం."

"పని పడితే సెలవు పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోవచ్చు."

"పందెంలో మీరిద్దరేనా?"

కాదు, ఏడుగురం. ఈయన నా మీద గెలిస్తే మొదటి స్థానం ఈయనది. గెలవకపోతే మరొకాయనది. ఆ మరొకాయన తన ఆటలన్నీ వేళకు ముగించుకుని, మా ఆట తేలటం కోసం కాచుకుని వున్నాడు.

"మరి మీరు చేస్తున్న దానం ఎవరి సొమ్ముతోనండీ?" అన్నారు ప్లీడరు గారు, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

నేను మాట్లాడలేదు. పోయినేడు నన్ను ఓడించినాయనకు కూడా యిలాంటి మూడోవాడు వున్నాడేమో! ఇద్దరే సరదాగా ఆడుకునే ఆటైతే నెల రోజులైనా ఆగేవాణ్ణి. ఓడిపోయే ఆటలో చివరి గంట దాకా బిగబట్టి, అవతలివాడు మరిచిపోతాడేమోనని కాచుకునే వాళ్ళున్నారు. వాళ్ళ మీద మాత్రం నాకు జాలి లేదు. ఈయన ఆ కోవలోని వాడు కాదు, గెలిచేవాడు.

ఆ రాత్రి మీట నొక్కాను. నా పేరు పక్కనున్న అంకె పెరిగింది. దాని వంక చూడబుద్ధి కాలేదు.

నాలుగో నాడు జవాబు వచ్చింది. ఇల్లు మారారట, కొత్త యింటికి యింకా నెట్ కనెక్షన్ రాలేదట. సెలవు పెట్టటం మరిచిపోవటం తన తప్పేనని రాశాడు. "మీరు చేసింది సబబే. అది సరే గాని, ఆ గుర్రాన్ని అక్కడ ఎందుకు పెట్టారు?" అని అడిగాడు.

ఇద్దరం మళ్ళీ మొదలుపెట్టాం. పందెం లేదు. ఎత్తుకు పద్నాలుగు రోజులు. మా ఆవిడతో యింకా చెప్పలేదు.