కారిబూ మందల క్షయము

భూగోళ పాఠమున టండ్రా ప్రదేశమునుగూర్చి చెప్పునపుడెల్ల నేను నల్లబల్లపై కారిబూ మంద నొకదానిని గీయుట వాడుక. కారిబూ ఉత్తర అమెరికాయందలి పెద్ద దుప్పివంటి మృగము. క్రిస్మసు కార్డులపై బండి లాగుచు గనబడు రెయిన్‌డీరును ఈ జాతిదే. ఒకనాడు పాఠము ముగియునప్పటికి ఒక బాలుడు లేచి, "మాస్టరుగారూ, ఇప్పు డవి యెన్ని యున్నవండీ?" అని యడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము వెదకగా దొరకిన లెక్కలు నన్ను కలవరపఱచినవి.

కెనడా వాయవ్య భాగమున సంచరించు బాథర్స్టు మందలో 1986లో సుమా రు 4,70,000 మృగములుండెను. 2021 నాటికి మిగిలినవి సుమారు 6,240. క్విబెక్కు, లాబ్రడారు ప్రాంతములలోని జార్జినది మంద 1990 తరువాతి యేండ్లలో ఎనిమిది లక్షలకు దరిదాపుగా నుండి, 2018 నాటికి 5,500కు దిగినది.

ఈ మందలు కొన్ని దశాబ్దముల కొకసారి పెరుగుచు తరుగుచు నుండుట సహజమే. తోడేళ్లును వేటయు గూడ కారణములే. అయినను ఇంతటి పతనమునకు అవి మాత్రమే చాలవు. ఉత్తర ధ్రువప్రాంతము తక్కిన భూమికంటె వేగముగా వేడెక్కుచున్నది. శీతకాలమున మంచుపై వాన కురిసి గడ్డకట్టెనేని, క్రిందనున్న లైకెన్లను గిట్టలతో త్రవ్వి తినుట దుర్లభము. వేసవి వేడిమికి దోమలు, ఈగలు పెచ్చు పెరిగి, మేయవలసిన వేళ అవి పరుగు లెత్తవలసివచ్చును. బలము చాలని తల్లి ఆ యేడు చూలు దాల్చదు. బాథర్స్టు మంద తిరుగు నేలలో 1998 మొదలు వజ్రపు గనులును, వానికై బాటలును వెలసినవి.

మంద తరుగగానే మొదట నిలిచినది వేట. లాబ్రడారులో 2013లో దానిని నిషేధించిరి. నిషేధ మవసరమే యని నేనును అంగీకరింతును. కాని తరతరములుగా ఆ మాంసముతో కడుపు నింపుకొని, ఆ చర్మమునే వస్త్రముగా ధరించిన డెనె, ఇన్యూట్, ఇన్ను జనులే త్యాగమంతయు చేయవలెనా? బొగ్గును, చమురును కాల్చి భూమిని వేడెక్కించినవారిలో వారి పాలు మిక్కిలి స్వల్పము. దూరముననున్న మనము నిర్దోషుల మనుకొనరాదు. లోకమందలి వజ్రములలో పెక్కింటికి సాన పట్టునది మన సూరతు నగరమే గదా!

జాగ్రత్తపడినచోట్లు లేకపోలేదు. అలస్కా, కెనడాల నడుమ తిరుగు పోర్క్యుపైన్ మంద ఈను నేలలో కొంతభాగమును కెనడా 1984లో జాతీయవనముగా చేసెను. 1987లో ఉభయ ప్రభుత్వములును ఆ మంద రక్షణకై ఒడంబడిక చేసికొనెను. 2017 లెక్కలో ఆ మంద 2,18,000. విచారకర మేమనగా, ఆ సంవత్సరముననే అలస్కా వైపునున్న ఈను నేలలో చమురు త్రవ్వుటకు అమెరికా శాసనము ద్వారము తెఱచినది.

కావున నా యభిప్రాయ మిది: బీదవాని వేటను ఆపుటకు ముందుకు వచ్చు ప్రభుత్వములు, ధనికుని గనిని, చమురుబావిని ఆపుటకును అంతే త్వరపడవలెను. మంద ఈను చోటిని ఏ లాభమునకును ముట్టరాదు. విద్యార్థులారా, ఎనిమిది లక్షలున్నవి గదా యని ఉపేక్షించినందున ఎంత నష్టము కలిగెనో చూచితిరి. మీ యింటను, మీ యూరను సమృద్ధిగా నున్నదానిని ఎన్నడును తరుగనిదిగా భావింపకుడు.