వీధి బోర్డే వాచకం

బ్రాడీపేటలో ఎవరి చిరునామా అయినా చూడండి. 4/14 అనో, 5/7 అనో ఉంటుంది. కొత్తవాళ్లకు అదేదో లెక్కల పుస్తకంలోని భిన్నంలా కనిపిస్తుంది. గుంటూరు వాళ్లకు మాత్రం అది నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో అతనికి అంతవరకు చెబితే చాలు, ఇంటిముందు దింపేస్తాడు. పాతగుంటూరు సందుల్లో ఈ లెక్క పనిచేయదు. అక్కడ గుడి పక్కన, మసీదు వెనక, ఫలానా వారి ఇంటి ఎదుట అని చెప్పాల్సిందే.

ఎందుకిలా? ఈ ప్రశ్న మూడో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. 'ఇక్కడ గీతలు గీసి కట్టారు, అక్కడ ఊరు దానంతటదే పెరిగింది' అన్న జవాబు దాకా రావడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టదు. ఆ తర్వాత 'బ్రాడీ అంటే ఏంటి టీచర్?' అని ఎవరో ఒకరు అడుగుతారు. పక్కనే అరండల్‌పేట కూడా ఉందాయె. రెండూ తెల్లదొరల పేర్లే. 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చిందన్న ముక్క చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉంటుందా?

మన ప్రాథమిక పాఠశాలల్లో చరిత్రకు విడిగా పీరియడ్ లేదు. ఐదో తరగతి వరకు అది పరిసరాల విజ్ఞానంలో ఓ మూల ఒదిగి ఉంటుంది. ఆరులో అడుగుపెట్టగానే హరప్పా, మొహెంజొదారో ఒక్కసారిగా మీద పడతాయి. చదవడం నేర్పించేది తెలుగు పీరియడ్, చరిత్ర తర్వాతెప్పుడో వచ్చేది అని మనమే గోడ కట్టేశాం. ఆ తెలుగు పీరియడ్ అయినా సవ్యంగా సాగుతోందా అంటే అదీ లేదు. దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సగం మంది కూడా లేరని 2024 అసర్ సర్వే తేల్చింది. పాఠం అప్పజెప్పమంటే గడగడా చెబుతారు. మధ్యలో ఓ వాక్యం మీద వేలుపెట్టి చదవమంటే గుటకలు మింగుతారు. చదవడానికి వాళ్లకంటూ ఓ అవసరం కనిపించకపోతే చదువు నోటి దగ్గరే ఆగిపోతుంది మరి.

ఆ అవసరం ఇంట్లో బీరువాలోనే ఉంది. బ్రాడీపేటలో కాపురముంటున్న ఓ చీరాల కుటుంబాన్ని ఊహించుకోండి. తాతయ్య పాత సర్టిఫికెట్లో 'చీరాల, గుంటూరు జిల్లా'. నాన్న పదో తరగతి సర్టిఫికెట్లో 'చీరాల, ప్రకాశం జిల్లా'. అక్కడే ఉంటున్న బాబాయి కూతురి కాగితాల్లో 'చీరాల, బాపట్ల జిల్లా'. ఊరు అంగుళం కదల్లేదు, జిల్లా పేరు మాత్రం మూడుసార్లు మారింది! 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా పుట్టింది. తాతయ్య పుట్టింది 1953 అక్టోబరుకు ముందైతే రాష్ట్రం పేరు కూడా వేరే, మద్రాసు. ఈ మూడు కాగితాల నకళ్లు తెచ్చి తరగతిలో దండెం మీద వరసగా క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే అదే కాలరేఖ. పిల్లలు ప్రతి అక్షరం కూడబలుక్కుని చదువుతారు. అది వాళ్ల తాతయ్య పేరు కదా! కాగితాలు దాచుకోని ఇళ్లూ ఉంటాయి. ఆ పిల్లలు నాయనమ్మను అడిగి నాలుగు వాక్యాలు రాసుకొస్తే సరిపోతుంది.

అక్షరాలకూ చరిత్ర ఉంటుందని పిల్లలకు ఎవరూ చెప్పరు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలెక్కితే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు రాతి పేటికలు బయటపడ్డాయి. రెండువేల ఏళ్లు దాటిన ఆ పేటికల మీద రాతలున్నాయి. భాష ప్రాకృతం. లిపి బ్రాహ్మిలోనే ఓ ప్రత్యేకమైన రకం. అశోకుడి శాసనాల్లో 'క' అని రాయాలంటే అక్షరం ఒక్కటే చాలు, అకారం అందులోనే కలిసి ఉంటుంది. భట్టిప్రోలు రాతగాళ్లు అలా వదల్లేదు. అకారానికీ ఓ గీత తగిలించారు. గీత లేదంటే అది ఉత్త పొల్లే. ఒకటో తరగతిలో మనం దిద్దే తలకట్టు అక్కడినుంచే వచ్చిందని అనలేం. కానీ 'తలకట్టు ఎందుకు పెట్టాలి టీచర్?' అని విసుక్కునే పిల్లాడికి, మన పక్క ఊళ్లో రెండువేల ఏళ్ల కిందటే ఎవరో ఇదే బాధ పడ్డారని చెబితే వాడి కళ్లు మెరవవూ? పచ్చి మట్టిని పలకలా పరిచి పుల్లతో పేరు గీకమనండి. మట్టి ఆరేలోగా తప్పు దిద్దుకోవాలి. ఖర్చు సున్నా, కడుక్కోవడానికి కాసిన్ని నీళ్లు.

కథ చెప్పడమూ ఓ పరికరమే. గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా రాసిన 'దివాస్వప్న'లో మాస్టారు నాలుగో తరగతికి చరిత్రను కథలుగానే చెబుతాడు. తెలుగులో 'పగటికల'గా వచ్చిన ఆ పుస్తకం ప్రతి బడిలో ఉండాల్సినది. మనకూ కథలకు కొదవ లేదు. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టలేమని చీరాల, పేరాల జనం ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట నడిచి నెలల తరబడి ఆ రామనగరంలోనే ఉన్నారు. 'మీరైతే ఇంట్లోంచి ఏం పట్టుకెళతారు?' అని అడిగి జాబితా రాయించండి. పదాలకు కరువుండదు. పుస్తకంలోని ఖాళీలు పూరించడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. 2020 నుంచి ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఉంటున్నాయి. ఈ జాబితానూ అలాగే రాయిస్తే రెండు భాషలకూ పనికొస్తుంది.

అయితే కథకూ రుజువుకూ తేడా చిన్నప్పుడే తెలియాలి. 'అలాగని ఎవరు చెప్పారు? మనకెలా తెలిసింది?' అన్న రెండు ప్రశ్నలు నల్లబల్ల పక్కన ఎప్పుడూ వేలాడుతుండాలి. వీటికి అసలు పరీక్ష జిన్నాటవర్ దగ్గర ఎదురవుతుంది. పాకిస్తాన్ ఆయన పేరు మన ఊళ్లో ఎందుకుందని పిల్లలు అడగక మానరు. 'అదంతా పెద్దయ్యాక తెలుస్తుందిలే' అని దాటవేయడం సులువే. దానికన్నా మూడు చీటీలు చేతికివ్వడం మంచిది. 'టవర్ కట్టారు', 'దేశం రెండయింది, 1947', 'టవర్‌కు మూడు రంగులు వేశారు, 2022'. ఏది ముందో, ఏది తర్వాతో పిల్లలే పేర్చాలి. మొదటి చీటీలో ఏడాది లేదు. అది కనుక్కోవడమే ఆ రోజు ఇంటిపని.