చలికాలం స్కూలు సైకిలుకు గేర్లెందుకు?

ఈ చలికాలం నన్ను ఎక్కువమంది అడిగింది మార్కుల గురించి కాదు. "టీచర్‌గారూ, మావాడు 21 గేర్ల సైకిలే కావాలంటున్నాడు, కొనమంటారా?" అని.

స్కూలుకు రావడానికైతే వద్దంటాను. చదునైన కాలనీ రోడ్లకు ఒక్క గేరు చాలు. గేర్లు మార్చే డీరైలర్ వెనక చక్రం పక్కన వేలాడుతుంది. సైకిల్ స్టాండులో బళ్లు ఒకదాని మీద ఒకటి పడితే ముందు వంగేది అదే. ఆ తర్వాత చైన్ జారడం మొదలు. మొన్న నవంబర్‌లో మా ఎనిమిదో తరగతి పిల్లవాడు పొగమంచులో, రోడ్డు మీదే కూర్చుని చైన్ ఎక్కించుకుంటున్నాడు. వెనక నుంచి వాటర్ ట్యాంకర్. బస్సు కిటికీలోంచి చూశాను. ఆ రోజు మొదటి పీరియడ్ నాకు పాఠం సాగలేదు.

కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టండి (పిల్లలతోనే లెక్కపెట్టించండి, నిష్పత్తుల పాఠం షాపులోనే అయిపోతుంది). ముందు 44, వెనక 18 ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం దాదాపు 2.4 చుట్లు తిరుగుతుంది. దారిలో ఫ్లైఓవర్ ఉంటే వెనక 20 పళ్లది వేయించండి, ఎక్కడం తేలిక. ఫ్రీవీల్ తప్పనిసరి. ఫిక్సీ రకంలో చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, పిల్లలకు వద్దు. మంచుకు రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటుంది. అది ఖాళీ వీధిలో తొక్కించి చూపించండి.

గేర్లలో మిగిలిన డబ్బుతో వెనక ఎర్ర లైటు పెట్టించండి. "ఎలాగూ పెరుగుతాడులే" అని యూనిఫాంలా పెద్ద సైజు మాత్రం కొనకండి. సీటు మీద కూర్చుంటే మునివేళ్లు నేలకు ఆనాలి.