తిన్నాక కాదు, అమ్మకముందే

క్వార్న్ పేరుతో అమ్ముడవుతున్న మైకోప్రొటీన్ నిజానికి ఒక బూజు. ఫ్యుజేరియం వెనెనేటమ్ అనే ఈ శిలీంధ్రాన్ని 1960లలో ఇంగ్లండ్‌లోని మార్లో దగ్గర మట్టిలో కనుగొన్నారు. పెద్ద తొట్లలో గ్లూకోజుతో పెంచి, 1985 నుంచి మాంసానికి బదులుగా అమ్ముతున్నారు. చాలామందికి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. కానీ బూజు పట్టిన గదిలో అడుగుపెడితేనే ఆయాసం వచ్చే ఉబ్బసం రోగుల సంగతి వేరు. గాలిలోని బూజు మీద వారి ఒంట్లో ముందే తయారై ఉన్న ఐజీఈ యాంటీబాడీలు పళ్లెంలోని బూజు మీదా విరుచుకుపడవచ్చు. పెదాలు వాస్తాయి, గొంతు బిగుసుకుపోతుంది, ఊపిరి అందదు.

ఇది ఎవరికీ తెలియని ముప్పు కాదు. ఈ తినే బూజుకూ గాలిలోని బూజులకూ అలర్జీ చుట్టరికం ఉందని 1993లోనే ఒక వైద్య పత్రిక ప్రచురించింది. బూజు అలర్జీ ఉన్న ఒక రోగి క్వార్న్ తిని జబ్బుపడితే, అందుకు కారణమైన ప్రొటీన్ ఏదో 2003లో పరిశోధకులు తేల్చి చెప్పారు. 1993లోనే ఆ చుట్టరికం బయటపడినా, 2002లో క్వార్న్ అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు పొట్లం మీద పుట్టగొడుగు పేరే కనిపించింది. పుట్టగొడుగులు నిశ్చింతగా తినే మనిషి దాన్ని చూసి ఎందుకు జంకుతాడు? ఇది బూజేనని, అరుదుగా అలర్జీ రావచ్చని పొట్లం మీద రాయడానికి 2017లో ఒక దావా రాజీ దాకా ఆగాల్సి వచ్చింది. పదిహేనేళ్లు! ఈలోగా ఫిర్యాదులు కూడగట్టింది ప్రభుత్వం కాదు, ఒక వినియోగదారుల సంస్థ. 2018లో అది ప్రచురించిన లెక్కలో 312 మంది అలర్జీ బాధితులున్నారు. బాధితులు తమంతట తాము చెప్పుకున్న వివరాలు కాబట్టి, ముప్పు ఎంతమందిలో ఒకరికో వీటితో తేలదు. అది తేల్చే బాధ్యత అమ్మేవాళ్లది, అనుమతించేవాళ్లది.

అసలు లోపం అమెరికా చట్టంలోనే ఉంది. ముందస్తు అనుమతి నుంచి ఇచ్చిన 1958 నాటి మినహాయింపు ప్రకారం తన పదార్థం సురక్షితమని కంపెనీయే నిర్ణయించుకోవచ్చు. ప్రభుత్వానికి చెప్పడం దాని ఇష్టం. పరీక్ష రాసేవాడే మార్కులు వేసుకునే ఈ పద్ధతిని అరవై ఏళ్లకు పైగా కొనసాగించడం క్షమించరానిది.

అక్కడి శాకాహార తెలుగు కుటుంబాలకూ ఈ పొట్లాలు అందుబాటులో ఉన్నాయి. మన దగ్గర 2017 నిబంధనల ప్రకారం కొత్త పదార్థాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి. అది మేలే. కానీ 2020 లేబుల్ నిబంధనల్లోని అలర్జీ జాబితాలో పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, సోయా ఉన్నాయి, బూజు లేదు. ఆహార భద్రతా నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దాన్ని చేర్చాలి. బూజు అలర్జీ ఉన్నవారి రక్తంతో పరీక్షించి, ఆ తర్వాత వైద్యుల సమక్షంలో కొద్దికొద్దిగా తినిపించి చూసిన ఫలితాలు లేనిదే ఏ శిలీంధ్ర ఆహారానికీ అనుమతి ఇవ్వకూడదు. ఆ ఫలితాలను అమ్మకాలు మొదలయ్యే ముందే ప్రజల ముందుంచాలి.