క్రొత్త బ్లాగునకు కావలసిన పనిముట్లు

కోయిలకుంట్ల నుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. అత్తగారు చెప్పిన వంటలను, ఊరి పెండ్లిపాటలను పదుగురికి అందజేయుటకై వర్డ్‌ప్రెస్‌తో ఒక బ్లాగు పెట్టుకొనిరట. తెలిసినవారొకరు దానికి ఇరువది ప్లగిన్లు చేర్చి ఇచ్చిరి. ఒకనాడు వానిలో ఒకదానిని క్రొత్త కూర్పునకు మార్చగా బ్లాగు తెల్లపుటయై నిలిచినది. బాగుచేయబోయినవారు ఉన్నదంతయు తుడిచివేసిరి. వేఱొక ప్రతి లేదు. ఆ వంటలు చెప్పిన అత్తగారును ఇప్పుడు లేరు. "మరల మొదలుపెట్టుచున్నాను. నిజముగా కావలసిన ప్లగిన్లేవి?" అని ఆమె ప్రశ్న.

వర్డ్‌ప్రెస్ 2003లో వెలువడిన ఉచిత సాధనము. దానికి తగిలించుకొను పనిముట్టే ప్లగిన్. వేలకొలది ప్లగిన్లు ఉచితముగా దొరకుచున్నవి. దొరకినవన్నియు తెచ్చుకొనరాదు. ప్రతి ప్లగిన్ పరులు వ్రాసిన ప్రోగ్రాము. దానిని చేర్చుట మన ఇంటి తాళపుచెవి వారికిచ్చుట వంటిది. కావున నాలుగు పనులకు మాత్రమే పనిముట్లను ఎన్నుకొనుడు.

మొదటిది, ప్రతి దాచుట. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ వంటి ప్లగిన్ వారమునకొకసారి బ్లాగు యావత్తునకు ప్రతి తీసి గూగుల్ డ్రైవ్‌లో ఉంచగలదు. బ్లాగున్న సర్వరులోనే ప్రతిని ఉంచుట, తిండిశనగలను విత్తనపు శనగలను ఒకే గాదెలో పోయుట వంటిది. నెలకొకసారి ఇంటి కంప్యూటరులోనికి కూడ దింపుకొనుడు.

రెండవది, వ్యాఖ్యల వడపోత. దొంగప్రకటనలను అకిస్మెట్ వాకిటనే నిలుపును. వ్యాపారము చేయని సొంత బ్లాగులకు అది ఉచితముగా లభించును. వెకిలి మాటల సంగతి వేఱు. మన అనుమతి లేనిదే ఏ వ్యాఖ్యయు కనబడని ఏర్పాటు వర్డ్‌ప్రెస్‌లోనే కలదు. స్త్రీలు దీనిని తొలినాడే చేసికొనవలెను.

మూడవది, తలుపుగడియ. వర్డ్‌ఫెన్స్ వంటిది తప్పుడు సంకేతపదములతో పలుమారులు ప్రయత్నించువారిని ఆపును. ఫోనులో కనబడు సంకేతము కూడ ఉన్నగాని లోనికి రానీయని రెండంచెల కాపుదలనిచ్చును.

నాలుగవది, వేగము. ఇందుకు కాషింగు ప్లగిన్ ఒకటి చాలును. రెండుంచిన ఒకదాని పని ఒకటి చెఱచును. అంతకంటె మేలు, ఫోటోలను చిన్నవిగా చేసి ఎక్కించుట. ఉగ్గాని పళ్లెపు చిత్రము ఎంత అందముగనున్నను తెఱచుకొననిచో చూచువారెవరు?

వెదకువారికి బ్లాగు దొరకుటకై యోస్ట్ వంటివి కలవు గాని తొందర లేదు. వెదకు యంత్రములకు వలయు పుటల పట్టికను 2020 నుండి వర్డ్‌ప్రెస్ తానే తయారుచేయుచున్నది.

ఏ ప్లగిన్‌ను చేర్చుటకు ముందైనను, దాని కర్తలు దానిని కడపట ఎప్పుడు సవరించిరో, ఎందఱు వాడుచున్నారో చూడుడు. ఒక్కొక్కటిగా చేర్చుడు. క్రొత్త కూర్పునకు మార్చుటకు ముందు ప్రతి తీసికొనుడు. వాడనిదానిని ఆపివేసిన చాలదు, తొలగింపవలెను.

1847లో కోయిలకుంట్లలోనే ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ పెక్కు గొంతులలో పాటగా నిలిచినందుననే నేటికిని వినబడుచున్నది. ఒక్కచోటనే ఉన్న మాట ఆ చోటితోడనే పోవును. మన సోదరి ఇప్పుడు ఆడపడుచుల నడిగి ఆ వంటలను మరల వ్రాసికొనుచున్నారట. కొన్ని మాత్రము ఎవరికిని జ్ఞాపకము లేవు. కావున తొలి పుట ప్రచురించుటకు ముందే ప్రతి దాచు ఏర్పాటు చేసికొనుడని పాఠకసోదరీమణులకు మా మనవి.